విశ్వవిద్యాలయమున మొదటి వారము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మాకీ వేదికమీద స్వల్పకాల మొసగబడినది. కావున సంఘచరిత్రమును ముట్టక, విశ్వవిద్యాలయమున క్రొత్తగా చేరిన విద్యార్థియొక్క మొదటి వారమును గూర్చి మాత్రమే మాటలాడుదుము. ఏడు దినముల ముచ్చట యింత సభలో నేల యని కొందరికి తోపవచ్చును. ఒక బుద్ధిమంతుడైన శిష్యుని చదువు ఆ యేడు దినములలోనే ఆగిపోవుట మేము చూచితిమి గావున చెప్పుచున్నాము.

అది 2018వ సంవత్సరము. మా పాఠశాలలో చదివి, పిదప పట్టణమున బి.ఎస్సీ. ముగించిన పిల్లవానికి మరియొక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ.లో చోటు దొరకెను. తండ్రి కౌలురైతు. ఆ వంశమున కళాశాల మెట్టెక్కిన మొదటివాడతడే. ఇటువంటి సభలోనే మే మతనికి శాలువ కప్పితిమి; శ్లోకము చదివి ఆశీర్వదించితిమి. అతడు వెళ్లిన నాల్గవనాడు కార్యాలయమున గుమాస్తా మైగ్రేషను సర్టిఫికెట్టు తెమ్మనెను. ఒక విశ్వవిద్యాలయ పరిధినుండి వేరొకదానికి పోవువారు, వెనుకటి విశ్వవిద్యాలయమునుండి తెచ్చుకొనవలసిన పత్రమది. పిల్లవాడు దాని పేరైన వినియుండలేదు. అది లేనిచో చోటు పోయినట్లే యని తనలో తాను నిశ్చయించుకొని, ఎవ్వరి నడుగక, ఆ రాత్రి బండికే ఇల్లు చేరెను. సాధారణముగా అట్టి పత్రమునకు హామీపత్రము వ్రాయించుకొని కొంత గడువిత్తురు. ఒక్కమాట అడిగిన సరిపోయెడిది. సంగతి మాకు తెలియునప్పటికి రెండు మాసములు గడచెను, ప్రవేశములు ముగిసెను. గుమాస్తాను మేము నిందింపము. అతడు తన జాబితా తాను చదివెను. శాలువ కప్పిన మేము ఆ పత్రము మాట యేల చెప్పలేదని యిప్పటికిని మాకు మేమే సమాధానము చెప్పుకొనలేకున్నాము.

పూర్వము చదువుటకు వచ్చిన బాలుని గురువు తనచెంతకు చేర్చుకొనుటకు ఉపనయనమని పేరు. సమీపమునకు గొనిపోవుట యని దాని యర్థము. శిష్యునకు అంతేవాసి యని పేరు. దగ్గర వసించువాడని భావము. చదువు ముగించి స్నానము చేసినవాడు స్నాతకుడు. మన విశ్వవిద్యాలయములు ఈ కడపటి మాటనుమాత్రము పుచ్చుకొని స్నాతకోత్సవములు చేయుచున్నవి. పోవువానికి ఉత్సవము, వచ్చువానికి వరుసలో నిలుచుట! విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2019లో దీక్షారంభమను పేర, క్రొత్తవారిని చేర్చుకొను పద్ధతినిగూర్చి ఒక మార్గదర్శక గ్రంథమును వెలువరించిరి. పేరు మాకు మిక్కిలి నచ్చినది. అది చక్కగా నడచుచోట పిల్లలదృష్టము. నడవనిచోట నేమగునో మా యనుభవమే చెప్పును.

మేము 1981లో ఎం.ఏ. సంస్కృతమునకై వెళ్లినప్పుడు మావెంట ఒక రేకుపెట్టె, చాపచుట్ట, ఆవకాయజాడీ ఉండెను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పము. మొదటిరాత్రి పై తరగతివారు మమ్ము మంచముమీద నిలువబెట్టి, రామశబ్దమును వెనుకనుండి ముందునకు చెప్పించిరి. సప్తమీ బహువచనమునుండి ప్రథమ వరకు తప్పక చెప్పితిమి గాని, ఆ నవ్వులు చాలకాలము చెవులను వీడలేదు. మరుసటినాడు ఇంటిపేరు, ఊరు, పిదప కులము అడిగిరి. మూడవనాడు తరగతిలో ఆచార్యులు ఆంగ్లమున ఉపన్యసింపగా, సంస్కృత పాఠమే మాకు బోధపడకపోయెను. నాల్గవనాటి తెల్లవారుజామున పెట్టె భుజమున పెట్టుకొని ద్వారము దాటుచుండగా, భోజనశాలలో పొయ్యి వెలిగించుచున్న వంటమనిషి చూచి, "ఏం బాబూ, ఉప్మా అవుతోంది, తిని వెళ్లండి" అనెను. తింటిమి. అతడు కారణమడుగలేదు. "మొన్న వచ్చిన బాబుల్లో మీరు మూడోవారు. ఆ యిద్దరూ కూడా తిని పైకి వెళ్లిపోయారు" అని మాత్రము చెప్పెను. మేమును పైకి పోయితిమి. ఆ పెద్దమనిషి మన కులమువాడు కాడు. ఈ సంగతి బుద్ధిపూర్వకముగానే చెప్పుచున్నాము. ఏలయో ముందు తెలియును.

నాడు మమ్ము నిలువబెట్టిన వినోదము నేడు నేరము. ఆంధ్రప్రదేశమున 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినది. 2009 నాటి ధనసహాయ సంఘ నిబంధనల ప్రకారము విద్యార్థియు, తలిదండ్రులును ప్రమాణపత్ర మీయవలెను. వీలైనంతవరకు క్రొత్తవారికి వేరు వసతి చూపవలెను. కులమునుబట్టి చేయు అవమానముకూడ ర్యాగింగే యని 2016లో చేర్చిరి. 1800-180-5522 అను సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడైనను ఫిర్యాదు చేయవచ్చును. ఈ సంఖ్యను పిల్లలకేగాక తల్లులకును వ్రాసి యీయుడు. పిల్లవాడు చెప్పుకొనలేని మాట తల్లి చెప్పగలదు.

ఆంగ్లమునకు జంకువారితో ఒకమాట. మనము చిన్ననాడు శబ్దమంజరిని అర్థము తెలిసి వల్లించితిమా? చెవి ముందు, బుద్ధి వెనుక. మొదటి వారమున పాఠము తెలియకున్న నది మందబుద్ధికి గుర్తు కాదు. వినబడిన క్రొత్తమాటను తెలుగు లిపిలోనే వ్రాసికొని, సాయంకాలము గ్రంథాలయమున నిఘంటువు చూడవలెను. మే మట్లే చేసితిమి; రెండవ మాసమునకు సగము, దసరాకు ముక్కాలు బోధపడెను. ఉపాధ్యాయుడు పాఠము చెప్పి తన గదికి పోవును; వెంట పిలువడు. నేటి అంతేవాసి తానే పోయి తలుపు తట్టవలెను. తట్టినవానిని కసరువారు లేకపోలేదు గాని, మేమెరిగినంతలో కొద్దిమందియే.

ఇక పోషకులకు మనవి. మన సంఘ విద్యార్థివేతనము ప్రవేశపత్రము చూచి, సమితి కూడి, తీర్మానించి పంపునప్పటికి దీపావళి వచ్చుచున్నది. విద్యార్థికి ధనము కావలసినది మొదటి వారమున. భోజనశాలకు ముందుసొమ్ము, చలానా, బకెట్టు, పరుపు, ఛాయాచిత్రములు, నకళ్లు, ఇవన్నియు ఆ యేడు దినములలోనే. అప్పుడు చేతిలో రూక లేక తోటివారియెదుట ఆకలి లేదని బొంకిన పిల్లల నెరుగుదుము. కాబట్టి వేతనములో నాల్గవవంతు ప్రయాణమునకు ముందే చేతికీయుడు. ఆడపిల్లకైనచో ఆమె పేరనే యీయుడు, అన్నచేతికి వలదు.

రెండవ మనవి కొందరికి రుచింపకపోవచ్చును. పట్టణములలోని మన కులవసతిగృహములు మహోపకారము చేసినవి. అవి లేకున్న మనవారిలో అనేకులు చదివెడివారు కారు. కాని మన పిల్లలు మన పిల్లలతోనే తిని, తిరిగి, విశ్వవిద్యాలయమున మూడేండ్లున్నను మన యూరి వీధి దాటనివారు కనబడుచున్నారు. విశ్వవిద్యాలయమున గది దొరకినవానిని మన గృహమునకు మరలింపకుడు. మాకు ఉప్మా పెట్టినవా డెవ్వడో యిందాక చెప్పితిమి. పిదప మాకు ఆంగ్లము నేర్పిన సహవాసియు మనవాడు కాడు. నేటికిని అతని మనుమల పెండ్లిండ్లకు పోవుచున్నాము.

మూడవది చిన్నపని. పతకమిచ్చు ప్రతి విద్యార్థివెంట, ఆ మార్గమున నడచివచ్చినవారొకరు చేరికనాడు పోవలెను. ఒక్క దినము చాలును. కాగితముల వరుస చూపి, వసతిగృహపాలకుని పరిచయము చేసి, హాజరు నూటికి డెబ్బదియైదు తగ్గరాదని చెప్పి, సాయంకాలము తిరిగిరావలెను. నాల్గవనాడు ఫోనుచేసి "భోజనమైనదా" యని యడుగవలెను. బాగున్నావా యని యడిగిన బాగున్నానందురు. భోజనముమాట యడిగిన నిజము బయటపడును.

ఈ యేడు చోటు దొరకిన పిల్లలు పదునొకండుగురని కార్యదర్శిగారు చెప్పినారు. వారు భోజనానంతరము వంటశాల ప్రక్కనున్న వసారాకు తమ పత్రములన్నియు దెచ్చుకొని రావలెను. మేమును, పదవీవిరమణ చేసిన మరి యిద్దరు ఉపాధ్యాయులును అక్కడ కూర్చుందుము. మైగ్రేషను సర్టిఫికెట్టు లేనివారు ముందుగా రండు.