స్నానపుగది అడుగు: ఉంచవలెనా, తీయవలెనా?

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు స్నానపుగదిని మరల కట్టి చూడుమని అనలేదు. వారి కాలమున నూతి ప్రక్కన ఒక బండ, చుట్టు నాలుగు తడికెలు; అదియే స్నానపుగది. వాడిన నీరు అరటిపాదులోనికి పోయెడిది. నేడు స్నానము మేడ యెక్కినది. మన పాదముల క్రింద మరియొక సంసారమున్నది. కావున పాతగదిని బాగుచేయింపదలచిన గృహస్థు మొదట ఆలోచింపవలసినది పలకల రంగును గూర్చి కాదు. పై పలకలను మాత్రమే మార్చవలెనా, వాని క్రిందనున్న అడుగు గచ్చును కూడ పెకలించి క్రొత్తగా వేయవలెనా అనునదే అసలు ప్రశ్న.

అంతస్తుల యిండ్లలో స్నానపుగది శ్లాబును తక్కిన గదులకంటె సుమారు ఒక అడుగు పల్లముగా పోయుట కలదు. ఆ పల్లమున గొట్టములు పరచి, ఇటుకముక్కలు, సిమెంటు నింపి, వాలు కుదిర్చి, పైన పలకలు అతుకుదురు. నీటిని ఆపునది ఆ పలకయే యని చాలమంది తలంతురు. అది సరికాదు. పలక నీరు పీల్చకపోవచ్చును గాని, పలకకు పలకకు నడుమ నింపిన సిమెంటు పీల్చును. అట్లు దిగిన చెమ్మను అడ్డగింపవలసినది శ్లాబు మీదను, వాలు గచ్చు మీదను పూసిన పూత. పూత చెడినచో ఆ పల్లమంతయు కంటికి కనబడని నీటితొట్టి యగును. దానిని మనము చూడము. క్రింది యింటివారు చూతురు.

మాకు తెలిసిన యొక భవనములో ఇట్లే జరిగినది. పైయింటివారు పాత పలకలు తీయించి, మెరయు క్రొత్త పలకలు వేయించిరి. అడుగు జోలికి పోవలదని మేస్త్రీ చెప్పెను. ఖర్చు తగ్గినదని వారును సంతోషించిరి. కొన్ని నెలలకు క్రింది గృహిణి మెట్లెక్కి వచ్చి, "అక్కయ్యగారూ, మా వంటింట్లో చుక్కలు పడుతున్నాయండీ" అన్నది. "మా పలకలు కొత్తవేనమ్మా!" అని సమాధానము. ఇద్దరి మాటయు నిజమే. పిమ్మట గిలాబా పెచ్చులూడి పొయ్యి ప్రక్కన పడినది. అప్పుడు చూడగా శ్లాబులోని కడ్డీలకు తుప్పు పట్టియున్నది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బును. ఉబ్బి చుట్టునున్న కాంక్రీటును బ్రద్దలు చేయును. స్నానపుగది ఖర్చుతో పోవలసినది ఇంటి బలము దాక వచ్చినది.

అయినను ప్రతి అడుగును పగులగొట్టుమని మేము చెప్పము. పరీక్షించి నిర్ణయింపవలెను. కర్రపిడితో పలకలపై తట్టినప్పుడు డొల్ల శబ్దము వచ్చుట పలక వదులైనదనుటకు గురుతే కాని, నీరు కారుచున్నదనుటకు సాక్ష్యము చాలదు. గదిని వారము పదిదినములు వాడక యుంచి క్రింది మరకను గమనింపుడు. మరక క్రమముగా ఆరుచున్నచో దోషము అడుగులోనో, మురుగు గొట్టములోనో యుండును. ఏమాత్రము ఆరనిచో ముందుగా కుళాయి గొట్టమును అనుమానింపవలెను. దానిలో ఎల్లవేళల నీటి ఒత్తిడి యుండును గదా. పిదప నేల తడవకుండ, జాలీలోనికి మాత్రమే గొట్టముతో నీరు వదలి చూడుడు. అప్పుడే చెమ్మ కనబడినచో జాలీ చుట్టు మాత్రము విప్పి అతుకు సరిచేయించిన సరిపోవచ్చును. చివరకు జాలీ నోరు బిగించి, గడప దాటకుండ నేలమీద నీరు నిలిపి ఒక దినము చూడవలెను. ఈ పనికి ముందు క్రింది యింటివారికి చెప్పుట మరువరాదు. వారి బియ్యపు డబ్బాలు వారు జరుపుకొందురు.

అమెరికాలోని కొయ్యయిండ్లలో స్నానపు మూలకు ఒకే అచ్చున పోసిన పళ్లెము వంటి అడుగును అమర్చుట కలదు. అది బీటవారిన యెడల మొత్తము తీసి మరియొకటి పెట్టుదురు. మన అడుగు పొరలుపొరలుగా కట్టినది; కొంత తీసి కొంత ఉంచినచో పాతపూతకు క్రొత్తపూతకు నడుమ సందు మిగులును. కనుక పరీక్షలో నేలయే దోషియని తేలినచో, సగము పని వలదు. ఇరువదియేండ్లు దాటిన అడుగు, లోన ఇనుప గొట్టములు, పలకలు ఎట్లును తీయుచున్నారు, కూలీలు ఇంటనే యున్నారు: ఇట్టి సందర్భమున, క్రింద ఇల్లున్నప్పుడు, అడుగు తీయించుటకే మా ఓటు.

పాతకాలపు సున్నపు గచ్చు సంగతి వేరు. సున్నము, ఇసుక గానుగలో నూరి, బెల్లపునీరు, కరక్కాయ నీరు చేర్చి, దిమ్మిసలతో కొట్టి, పైన కడప బండలో షాబాదు బండలో పరచిన గచ్చు గట్టిగా నున్నచో దానిని పగులగొట్టుటకు చేయి రాకూడదు. బండల సందులు గీకి మరల నింపిన చాలును. పాత పలకల మీదనే క్రొత్తవి అతుకుట మరియొక మార్గము. అడుగు మంచిదైనచో తప్పులేదు గాని, నేల ముప్పాతిక అంగుళము వరకు లేచును. తలుపు తగులును, వాలు తప్పినచో నీరు హాలులోనికి వచ్చును, ఇంటిలోని తాతగారి కాలికి ఆ క్రొత్త యెత్తు తెలియదు.

క్రొత్త అడుగు వేయించువారు పూతను నేలతో ఆపక గోడపై ఒక అడుగెత్తు వరకును, నిలిచి స్నానము చేయు చోట తలయెత్తు వరకును తీసికొనిపోవలెను. వాలు జాలీ వైపు నూటికి ఒక పాలైనను ఉండవలెను. పూత ఆరిన పిమ్మట, పలకలు అతుకకమునుపే, నీరు నింపి మట్టమును గోడపై పెన్సిలుతో గీయింపుడు. వేసవిలో కొంత నీరు ఆవిరియగును గనుక, ప్రక్కనే ఒక పళ్లెములో నీరుంచి రెండింటి తగ్గుదలను పోల్చవచ్చును. మరునాడు గీతను చూచి, క్రింది యింటికి దిగి, వారి పైకప్పును కూడ ఒకసారి చేతితో తడిమి చూచి రండి.