మన్యంలో మాట నేర్పే ముందు

మన్యంలో మాట గురించి ఏం చెప్పాలన్నా గిడుగు రామమూర్తి పంతులు గారితోనే మొదలుపెట్టాలి. పర్లాకిమిడిలో మేష్టరు ఉద్యోగం చేసుకుంటూ, సవర నేర్చుకోవడానికి ఆయన కొండలెక్కారు. అడవి జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని తీసుకుపోయింది. చెవులు పోయినా సవరల మాట వినడం ఆయన మానలేదు; 1931లో ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం అచ్చయింది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన అన్న రోజుల్లో, లిపి లేని ఆ మాటను భాషగా లెక్కగట్టిన చదువరులు తక్కువ. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియాతో సహా 8 గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టేనాటికి ఆ అభిప్రాయం కొంత కరిగింది. నా వాదన ఇది: వేరే భాష మాట్లాడే పిల్లవాడి విషయంలో ఇంత ఆలస్యంగా నేర్చుకున్న పాఠాన్ని, మెదడు తీరు వేరుగా ఉన్న పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి మనం మరిచిపోతున్నాం. స్పీచ్ థెరపీ అంటే పిల్లవాడి నోరు దిద్దడమే అనుకుంటున్నాం. అంతకంటే ముందు వినేవాళ్ల చెవిని దిద్దాలి.

మెదళ్ల తీరులో ఉండే తేడాలు అడవిలో చెట్ల తేడాల్లాంటివేనని, వాటన్నిటినీ రోగాల చిట్టాలో వేయకూడదని చెప్పే ఆలోచనకు న్యూరోడైవర్సిటీ అన్న పేరు 1998 నుంచి అచ్చులో కనబడుతోంది. ఆస్ట్రేలియా సామాజికశాస్త్రవేత్త జూడీ సింగర్ ఆ ఏడాదే తన పరిశోధనా వ్యాసంలో దాన్ని వాడారు. అంతమాత్రాన ఆటిజం ఉన్న పిల్లవాడికి ఏ సాయమూ అక్కర్లేదని కాదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, మాటకూ భాషకూ సంబంధించిన వైకల్యమూ ఉంది. సాయం హక్కే. ఆ సాయం దేనికన్నదే ప్రశ్న: పిల్లవాడు మిగతా పిల్లల్లా కనబడడానికా, తన ఆకలీ భయమూ ఇష్టమూ ఎదుటివాళ్లకు అందడానికా?

అరకులో ఈ ప్రశ్న రెండింతలవుతుంది. కొండదొరల భాష కొండ; దానికే కూబి అనీ పేరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు దానిపై రాసిన పుస్తకం 1969లో వెలువడింది. తెలుగు ఎప్పుడో పోగొట్టుకున్న ర, ఱ తేడా ఆ భాషలో ఇంకా బతికే ఉంది. తెలుగు చెవి మాత్రమే ఉన్నవాళ్లు పరీక్ష పెడితే, అమ్మ దగ్గర నేర్చుకున్న ఆ శబ్దాన్ని ఉచ్చారణ దోషమని రాసేయవచ్చు. బొమ్మల కార్డుల సంగతీ అంతే. లిఫ్టు బొమ్మ చూపించి పేరడిగితే పిల్లవాడు నోరు మెదపడు. అతనికి లోటు మాటలోనా, లిఫ్టులోనా? ఇక డాక్టర్లు, టీచర్లు చాలామంది సదుద్దేశంతోనే ఇచ్చే సలహా ఒకటుంది: “ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండమ్మా, రెండు భాషలైతే వీడు తికమకపడతాడు.” ఈ సలహాకు ఆధారం లేదు. కువికి తోబుట్టువు లాంటిది కుయి. ఒడిశా కొంధుల్లో కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలను, ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లలను అజిత్ మహంతి ఏళ్ల తరబడి పోల్చి చూశారు. భాష గురించి ఆలోచించే పరీక్షల్లో రెండు భాషల పిల్లలే మెరుగ్గా నిలిచారు. వాళ్లు ఆటిజం పిల్లలు కారు కదా అనవచ్చు. ఆటిజం పిల్లలపై 2012లో కెనడాలో వచ్చిన అధ్యయనంలోనూ రెండు భాషల మధ్య పెరిగినందువల్ల అదనపు ఆలస్యం కనబడలేదు. పైగా, తల్లికి సగమే వచ్చిన తెలుగులో ఆమె జోల పాడలేదు, కసరలేదు, మురిపెంగా పిలవలేదు. మాట కోసం వచ్చిన పిల్లవాడికి ఇంట్లో ఉన్న మాటలే తగ్గించి పంపుతున్నాం.

కొంచెం దగ్గరగా చూద్దాం. “అంబలి తాగుతావా?” అని తల్లి రోజూ అడుగుతుంది. ఆకలేసినప్పుడు ఆటిజం ఉన్న పిల్లవాడు గిన్నె దగ్గరికొచ్చి, అదే రాగంలో “తాగుతావా” అంటాడు. క్రియ చివర ఎవరు తాగుతారో చెప్పే తోక ఉండడం తెలుగు తీరు. కువి, కూబి భాషలదీ అదే తీరు. ఆ తోక మారలేదు గనుక ఇది చిలకపలుకని కొట్టిపారేయడం తేలిక. 1981లోనే బారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ ఆటిజం పిల్లలు విన్న వెంటనే అనే తిరుగుమాటలను రికార్డు చేసి చూస్తే, అడగడం, ఒప్పుకోవడం, వంతు నిలుపుకోవడం వంటి ఎన్నో పనులు వాటితో జరుగుతున్నాయని తేలింది. “తాగుతాను అను, అప్పుడే ఇస్తా” అని గిన్నె వెనక్కి లాగితే పిల్లవాడు నేర్చుకునేది వ్యాకరణం కాదు, అడిగినా అందదన్న సంగతి. అంబలి పోసి, అతని తరఫున “తాగుతాను” అని ఒకసారి అంటే చాలు. (ఇలాంటి ముక్కల నుంచి భాష పుట్టే మెట్లను వరస పేర్చి శిక్షణగా అమ్ముతున్న పద్ధతులున్నాయి. వాటికింకా గట్టి ఆధారం లేదు. నేను వాటి వకాల్తా పుచ్చుకోలేదు.) “నా కళ్లలోకి చూడు” అన్న సాధనా ఇలాంటిదే. పెద్దల మొహంలోకి అలా గుచ్చి చూడొద్దని ఇంట్లో నేర్పేదీ మనమే, చూడలేదని ఫైల్లో రాసేదీ మనమే. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఎదుటి చూపు భరించరానిది. చూపు తప్పించుకుంటేనే మాట బాగా వినగలమని వాళ్లే చెబుతున్నారు.

తప్పంతా ఒకవైపే లేదని 2012లో డేమియన్ మిల్టన్ వాదించాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకు మనం అర్థం కానట్టే వాళ్లూ మనకు అర్థం కావడం లేదన్నాడు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం 72 మంది పెద్దవాళ్లతో, మన పిల్లలు ఆడే చెవిలో మాట లాంటి ఆట ఆడించింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లైన వరసలో కథ మిగతావాళ్ల వరసలో లాగే చేరింది. కలగలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. తర్వాత ఎక్కువమందితో చేసినప్పుడు ఆ కలగలుపు నష్టం తేలలేదు కాబట్టి దాని మీద ఎక్కువ భారం వేయను. అయితే ఇక్కడ నా పోలిక కూడా కుంటుతుంది. కువి పిల్లవాడికి కువి మాట్లాడే ఊరుంది, తాతలున్నారు, పాటలున్నాయి. ఆటిజం ఉన్న పిల్లవాడు తన ఊళ్లో తనలాంటివాడు ఒక్కడే కావచ్చు. అందుకే వినే బాధ్యత మన మీద మరింత పడుతుంది.

మాటకు తోడుగా బొమ్మలు, సైగలు అలవాటు చేస్తే ఇక నోరు విప్పడన్న భయం తల్లిదండ్రులకు సహజం. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ పాత అధ్యయనాలను జల్లెడ పట్టారు. నమ్మదగ్గ ఆధారం ఉన్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. పెరుగుదల చాలామందిలో కొద్దిపాటిదే, అదీ చెప్పాలి. ఇంకో అభ్యంతరం బరువైనది: అరకు నుంచి విశాఖకు 100 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు, ఒక రోజు కూలి పోతుంది, ఇంత ఓపికైన వైద్యం ఇక్కడెవరు చేస్తారు? నిపుణులే చేయాలంటే జరగదు. 2016లో వెలువడిన ఒక పరీక్షలో గోవా, రావల్పిండిలలో 65 మంది పిల్లల కుటుంబాలతో, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే పనిచేశారు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, బిడ్డ సూచనను తల్లి ఎక్కడ అందుకుందో ఆమెకే చూపించారు. తల్లుల స్పందన మెరుగైంది, పిల్లలు తామై పలకరించడం పెరిగింది. ఇద్దరి దృష్టీ ఒకే వస్తువు మీద నిలిచే సమయం మాత్రం తగ్గింది. సర్వరోగనివారిణి కాదు, కానీ అంగన్‌వాడీ కార్యకర్తకూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం టీచరుకూ అందే పనే. తేడాను గౌరవించడమనే పేరుతో చెవి పరీక్ష మానేయడం మాత్రం క్షమించరానిది. చీము కారే చెవి వైవిధ్యం కాదు, దానికి మందుంది. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ మొదట వినికిడి చూడాలి.

ఆ తర్వాత కేసు షీటు తెరవాలి. ఇంటి భాష అన్న చోట తెలుగు అని ముందే అచ్చు వేసి ఉండకూడదు. కువి వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తల్లిని అడగాలి. ఏమీ మాట్లాడడని మొదట ఆమె అనవచ్చు. తొందరపెట్టకుండా, ఆకలేస్తే ఏం చేస్తాడు, భయమేస్తే ఎక్కడికి పోతాడు అని అడిగితే, చోళ్ల డబ్బా దగ్గర నిలబడతాడనో, పుంజు కూతను అచ్చంగా కూస్తాడనో, మనసు బాగుంటే చెల్లి గాజులు చప్పుడు చేస్తాడనో చెబుతుంది. మాటలు అన్న గడిలో సున్నా చుట్టే ముందు ఆ మూడూ రాయాలి, ఆమె చెప్పిన వరసలో, ఆమె వాడిన కువి మాటలతో సహా.