బావితాడు చెప్పే లెక్క



ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకు వస్తాయో, నూనె ఎంత మిగిలిందో మనల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కాని, "మీ బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయమ్మా?" అంటే చప్పున చెప్పగలమా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా వదినగారిది, అంటే మావారి అక్కగారిది, బొగ్గుగనుల దగ్గర ఊరు. అక్కడ మరో గని తవ్వుతారని ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. ఆవిడ ధైర్యం చేసి లేచి, "ఉన్న గనితోనే మా బావి నీళ్ళు కిందికి పోయాయండీ" అంది. "ఇదివరకు ఎంత లోతున ఉండేవి?" అని అధికారి మర్యాదగానే అడిగారు. "తాడుకు రెండుసార్లు అతుకు వేశాం" అంది. ఏ సంవత్సరం, ఎన్ని బారలు అంటే చెప్పలేకపోయింది. ఎవరో నవ్వారు. ఆవిడ కూర్చుండిపోయింది.

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కాని అది గని వల్లనా, వానలు తగ్గడం వల్లనా, ఊళ్ళో బోర్లు పెరగడం వల్లనా? ఆ రోజు తేల్చడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆధారం ఎలా సంపాదించాలన్నదే నేటి నా మాట.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టింది 1871లో. మన గోదావరి లోయలో బొగ్గు ఒంటరిగా ఉండదు. ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది. ఆ ఇసుకరాతి సందుల్లోనే మన బావుల నీళ్ళూ ఉంటాయి. అంటే బొగ్గూ, మంచినీళ్ళూ ఒకే ఇంటి కాపురమన్నమాట!

ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసినవాళ్ళకు మిగతాది చెప్పక్కరలేదు. గుంట తీస్తే చుట్టూ ఉన్న ఇసుకలోంచి నీరు ఊరుతుంది. ఆ నీళ్ళు ఆపకుండా తోడుతూ ఉంటే పక్క చెలమలో నీళ్ళు తగ్గుతాయి. గని కూడా ఒక పెద్ద చెలమే. లోపల పని జరగాలంటే ఊరే నీటిని పంపులతో తోడిపోస్తూనే ఉండాలి. అప్పుడు చుట్టూ భూమిలోని నీటిమట్టం గరాటులా గని వైపు వాలుతుంది. ఆ గరాటు అంచు మన బావి దాకా వస్తుందా, రాదా అన్నదే తేల్చుకోవలసిన సంగతి. మధ్యలో గట్టి బంకమట్టి పొర అడ్డుంటే నీరు అంత తొందరగా జారదు. ఇసుకరాయే ఉంటే దూరం దాకా జారుతుంది.

నిపుణులు దీన్ని ముందుగానే అంచనా కడతారు. చుట్టుపక్కల బావుల లోతు ఎండాకాలంలోనూ, వానలు వెనకబట్టాకా కొలుస్తారు. ఒక బోరు నుంచి గంటల తరబడి నీరు తోడి, పక్క బావుల్లో ఎంత తగ్గిందో, ఆపాక ఎంతసేపటికి మళ్ళీ నిండిందో చూస్తారు. వాననీరు ఎంత ఇంకుతుంది, ఎంత తోడేస్తున్నాం అని మన నెలసరి జమాఖర్చులాగే లెక్క వేస్తారు. నీళ్ళు పరీక్ష చేయిస్తారు. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు మాత్రమే 600 దాకా ఒప్పుకుంటారు. పప్పు ఉడకనని మొరాయిస్తే నీళ్ళను అనుమానించమని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

2006లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కొత్తగా పెద్ద బొగ్గు గని రావాలంటే ఈ అధ్యయనం ఉండాలి. ప్రజల మాట వినే సభ గురించి ముప్పై రోజుల ముందుగా పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం మన భాషలోనూ దొరకాలి. అడిగి తీసుకోండి. మన బావి అందులో ఉందా, ఏ నెలలో కొలిచారు అని చూడండి. వానలు పడ్డాక కొలిచిన బావికీ, మే నెలలో కొలిచిన బావికీ తేడా మనకంటే ఎవరికి తెలుసు?

ఇక మన వంతు. పిల్లల పాత నోటుపుస్తకం చాలు. బావి ఒర మీద సున్నంతో ఒక గుర్తు పెట్టండి. ప్రతి నెలా ఒకటో తారీకున, తెల్లవారుజామున ఎవరూ తోడకముందే, తాడుకు రాయి కట్టి ఆ గుర్తు దగ్గర్నుంచి నీళ్ళ దాకా కొలవండి. బారల్లో కాదు, టేపుతో. బోరింగు అయితే బిందె నిండడానికి ఎన్నిసార్లు కొట్టారో రాయండి. ఆ నెల వానలు ఎలా పడ్డాయో కూడా ఒక ముక్క రాయండి.

ఇంకొక మాట. గనికి దూరంగా ఉన్న ఊళ్ళో అక్కో, చెల్లెలో ఉంటే వాళ్ళనీ రాయమనండి. రెండు ఊళ్ళ బావులూ ఒకేలా తగ్గితే వానలదో, బోర్లదో తప్పు కావచ్చు. గని దగ్గరవి మాత్రమే తగ్గుతుంటే, అప్పుడు గట్టిగా అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. గని వచ్చాక కొలత మొదలుపెడితే మాత్రం "ఇదివరకు ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు.

బొగ్గు వద్దని నేననడం లేదు. మన ఇంట్లో దీపం వెలగడంలో దానికీ భాగముంది. ఎవరి బావి ఎంత ఇచ్చుకుంటున్నదో తెలిసి ఇవ్వాలనే నా మనవి.

మా వదినగారి వంటింట్లో ఇప్పుడు మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. ఈసారి సభ పెడితే ఆవిడ లేచి నిలబడుతుంది. ఎవరూ నవ్వరని నాకు నమ్మకం.