ఫిబ్రవరి లెక్కలో పడమటి ప్రకాశం

తీరపట్టణాల జనాభా, ఆర్థిక స్థితి గురించి మాట్లాడమని పిలిచారు. సంతోషం. మనకు తీరమంటే ఒంగోలే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. కానీ మార్కాపురంలో నిలబడి ఉన్నాను, ఎక్కువసేపు మీ సంగతే చెబుతాను.

ఇక్కడ ఎవరిని కదిలించినా ఒకటే మాట: “వాళ్లకు సముద్రం ఉందండీ, మాకేముంది?” ఈ మాట వినీ వినీ విసుగెత్తింది. ఒంగోలులో సముద్రం ఎక్కడుందయ్యా? కొత్తపట్నం దాకా పోతేగాని కనబడదు. పెద్ద ఓడలు ఆగే రేవు కూడా లేదు. రొయ్యల చెరువుల మీద డబ్బు వస్తుంది, కాదనను. ఊరు పెరిగింది మాత్రం చీమకుర్తి గ్రానైటుతో, పొగాకు వేలంతో, సాగర్ కుడికాలువ నీళ్లతో, చెన్నై–విజయవాడ రైలుమార్గంతో. వీటికి తోడు 1970లో జిల్లా కేంద్రం అయింది. కలెక్టరాఫీసు ఉన్నచోటికి లాయర్లు, డాక్టర్లు, కాలేజీలు వాటంతటవే చేరతాయి. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలుకూ అంచే, ఆ తర్వాత ఒంగోలుకూ అంచే అయ్యాం. మనల్ని వెనక్కి నెట్టింది జిల్లా కేంద్రానికి ఉన్న ఆ దూరమే.

ఇక లెక్కలు. 2011 జనగణనలో ఒంగోలు 2 లక్షల పైచిలుకు, మార్కాపురం 71 వేలు. పల్లెల జనాభా కూడా పలుచనే అంటారు. ఆగండి! ఆ లెక్క ఎప్పుడు తీశారు? ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. వెనకవరసలో రైతులున్నారు, మీరే చెప్పండి, ఆ రోజుల్లో మన పల్లెల్లో ఎవరుంటారు? కంది కోతలు అయిపోయాయి, బోర్లు అడుగంటుతున్నాయి, గుంటూరు వైపు మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. మొగుడూ పెళ్లాం మూటాముల్లె సర్దుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లిపోతారు. ఇంటిదగ్గర ముసలివాళ్లు మిగులుతారు.

నిబంధన ఏమిటంటే, ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజు ఇంట్లో ఉన్నా ఇక్కడి లెక్కే. ఇరవై రోజులూ బయటే ఉంటే ఎక్కడ కనబడితే అక్కడి లెక్క. మిరపచేను గట్టున గుడిసె వేసుకున్న కుటుంబం గుంటూరు జనాభా. హైదరాబాదులో కట్టే అపార్టుమెంటు పక్కన రేకులషెడ్డులో ఉన్న కుటుంబం హైదరాబాదు జనాభా. తొలకరికి వాళ్లంతా తిరిగొస్తారు. పిల్ల మన అంగన్‌వాడీకే వస్తుంది, జ్వరమొస్తే మన ఆసుపత్రికే పోతుంది. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది ప్రమాణం. కాగితం మీద జనం తగ్గితే మనకు రావలసినదీ తగ్గుతుంది.

వలస పోయేవాళ్లది బద్ధకమట! ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. పొద్దున చలిలో చేలో దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఘాటుకు కళ్లు మండుతుంటే వంగి కాయ కోసేవాళ్లది బద్ధకమా? ఇంకెక్కడా అలా అనకండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మిగతావి గబగబా చెబుతాను. ఇక్కడ వనరులు లేవన్నది అబద్ధం. బండను పొర వెంట ఉలితో చీల్చి పలక తీసే పనితనం మన కార్మికులది. బడిపిల్లల చేతికి నోటుపుస్తకం వచ్చాక పలక బేరం పడిపోయింది. గోడలకు, నేలకు వేసే రాయిగా మాత్రం ఇప్పటికీ విదేశాలకు పోతోంది. గుండ్లకమ్మ మీద కంభం చెరువు విజయనగర రాజుల నాటిది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లు పొలానికి అందితే సగం వలస ఆగుతుందని నా నమ్మకం.

చివరిగా ఒక పని అప్పగిస్తున్నాను. మళ్లీ జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలోనే. సర్పంచులు, కౌన్సిలర్లు ఇప్పటినుంచే కూలీల మేస్త్రీలతో మాట్లాడండి. నిబంధన మారకపోతే ఒక్కరోజు చాలు. ఆ ఒక్కరోజుకు మనవాళ్లను ఊరికి రప్పించి పేర్లు రాయించండి.