తలగడ కింద ఫోను
(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక డాక్టరుగారి ప్రసంగం)



మొన్న రాత్రి రౌండ్సుకి వెళ్లినప్పుడు, మంచం పక్కన చాప మీద పడుకున్న ఒక అమ్మగారిని చూశాను. తలగడ కింద ఫోను, దానికి చార్జింగ్ వైరు. తీసి చూస్తే బాగా వేడిగా ఉంది. వెనక మూత కూడా లేచింది. "ఉబ్బి నెలయింది సార్. ఇంటి దగ్గర పిల్లలు ఫోన్ చేస్తారని తల దగ్గరే పెట్టుకున్నా" అన్నారు. ఆమె బాధ నాకు తెలుసు. అయినా చార్జింగ్ తీయించేశాను. ఎందుకో చెబుతాను.

ఫోన్ బ్యాటరీలో రెండు పలుచని పొరలు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ తెర ఉంటుంది. అది తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. వీటిని తడిపి ఉంచే ద్రవం నిప్పు తగిలితే మండుతుంది. ఫోను నలిగినా, బాగా వేడెక్కినా ఆ తెర దెబ్బతిని, పొరలు రెండూ లోపలే షార్ట్ అవుతాయి. ఆ వేడికి పక్కనున్న తెర కరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అక్కడిదాకా వచ్చాక ప్లగ్గు పీకినా ఆగదు.

ఇది చవక ఫోన్లకే అనుకోకండి. 2016లో శాంసంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే ఖరీదైన ఫోన్లను దాదాపు 25 లక్షలు వెనక్కి పిలిపించింది. కొన్ని బ్యాటరీల్లో మూల దగ్గర పొర వంగిందని, మార్చి ఇచ్చిన వాటిలో వెల్డింగ్ మొనలు తెరను చీల్చాయని 2017లో తేలింది.

ఉబ్బడమంటే లోపలి ద్రవం చెడి గ్యాసుగా మారడం. కొందరు పిన్నుతో గుచ్చి గ్యాసు తీస్తారు. అయ్యా, మీరు గుచ్చేది ఆ తెరనే! నొక్కి మూత బిగించడమూ అంతే. స్విచాఫ్ చేసి, మళ్లీ చార్జింగ్ పెట్టకుండా, రిపేరు తెలిసినవాళ్లకి ఇవ్వండి. చెత్తబుట్టలో వేయకండి.

చార్జింగులో కొంచెం వేడి మామూలే, గాలికి పోతుంది. తలగడ కింద, రగ్గు కింద ఎక్కడికి పోతుంది? పైగా ఇది ఆసుపత్రి. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, చిన్న నిప్పును పెద్ద మంట చేస్తుంది. దుప్పట్లలో కూడా చేరి ఉంటుంది. ఆక్సిజన్ పెట్టిన రోగి మంచం మీద చార్జింగ్ వద్దే వద్దు.

పొగ వస్తే ఫోను చేత్తో పట్టుకోకండి. ఆ పొగ విషం, పీల్చకండి. అందితే గోడ స్విచ్ ఆపి, దూరం జరిగి సిస్టరుని కేకేయండి. మంట ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది, దగ్గరకి వెళ్లొద్దు. చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా, ఐసు ఏవీ వద్దు.

ఆ అమ్మగారి సిమ్ము వాళ్ల తమ్ముడి ఫోనులో వేశాం. పొద్దున్నే పిల్లలు మాట్లాడారు. మీలో ఎవరి ఫోనైనా ఉబ్బి ఉంటే ఇప్పుడే చూపించండి, ఎవరూ కోప్పడరు.