చంటిబిడ్డ ఊపిరి లెక్క



ప్రతి ఏడూ మేము పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క చెప్తాము. ఈసారి చంటిబిడ్డ ఊపిరి లెక్క చెప్తాము.

పోయిన వానాకాలం మా సంఘంలో ఒక చెల్లెలి బిడ్డకు దగ్గు వచ్చింది. బిడ్డకు నాలుగో నెల. ఒకచోట చూపిస్తే ఊపిరి లెక్కబెట్టకుండానే సిరప్పు ఇచ్చి పంపినారు. జలుబే కదా అని మేమూ ఊరుకున్నాము. మరుసటి రోజు ఆశా అక్క వచ్చింది. బిడ్డ చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకొని నిండా ఒక నిమిషం లెక్కబెట్టింది. 58 వచ్చింది. "ఇది న్యుమోనియా కావచ్చు, పదండి" అనింది. ఆ రాత్రే నంద్యాల ఆస్పత్రిలో చేర్చినాము. బిడ్డ దక్కింది.

ఆ అక్క మా కంటే పెద్ద చదువేమీ చదువుకోలేదు. శిక్షణలో చేత్తో చేసి నేర్చుకునింది, మర్చిపోలేదు. అంతే తేడా.

ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా ఇంటికి వచ్చి బిడ్డను చూడాల. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు రావాల. బరువు తూయాల, ఒళ్లు చల్లబడిందా, పాలు బాగా తాగుతుందా చూడాల. ఇవన్నీ ఒకసారి కూర్చోబెట్టి చెప్తే వచ్చే పనులు కావు. అందుకే ఏటేటా మళ్లీ నేర్పాలని, బిడ్డల దగ్గరే చేయించి నేర్పాలని సమాఖ్య తరఫున అడుగుదాం. ఆ శిక్షణలో తల్లులను కూడా మాట్లాడనీయాల.

2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 150 సీట్లతో మొదలైంది. ఎంబీబీఎస్ చదివే పిల్లలు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకొని చూడాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. వాళ్లను మన ఊర్లకు పిలుద్దాం. రేపటి డాక్టరు మన బిడ్డను మన ఇంట్లోనే చూసి నేర్చుకోవాల.

మనమూ నేర్చుకుందాం. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు ఒక నిమిషం లెక్కబెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా తెల్లవారే దాకా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకపోండి.

వచ్చే నెల సంఘం మీటింగులో పొదుపు పుస్తకంతో పాటు ఒక గడియారం కూడా తెచ్చుకోండి. అందరం కలిసి లెక్కబెట్టడం నేర్చుకుందాం. సెలవు.