ఈనిన మేకకు జబ్బు చేసినచో



2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము మన దేశమందు 14 కోట్ల 88 లక్షల మేకలు కలవు. వీనిలో అనేకము సెంటు భూమియైనను లేని కుటుంబముల వాకిళ్లలో రెండు మూడు చొప్పున పెరుగుచున్నవి. అట్టి ఇంటికి మేకయే నిలువ సొమ్ము. పిల్లవాని చదువునకు, ముసలివారి మందులకు, పనులు లేని దినములలో గింజలకు ఆ మేకయే ఆధారము. ఈనిన వారములోపల తల్లిమేక చనిపోయినచో పోవునది ఒక ప్రాణము మాత్రమే కాదు. పాలు లేక పిల్లలును పోవును. ఏడాది కష్టము మట్టిపాలగును. అందువలన ఈనిన మేక జబ్బుపడినపుడు ఇంటివారు చేయదగినదేదో, చేయరానిదేదో ఈ దినము మీతో ముచ్చటింపదలచితిమి.

మొదట ఆరోగ్యముగానున్న మేక లక్షణములు తెలిసికొందము. మేక సుమారు 150 దినములు చూడితోనుండి ఈనును. ఈనిన కొద్దిసేపటికే లేచి నిలువబడి పిల్లలను నాకును. గోరువెచ్చని నీరిచ్చిన త్రాగును. కొన్ని గంటలలోపల మాయ వేయును. పిమ్మట మేతకు మూతి చాపును, నెమరువేయును. రెండు మూడు వారముల వరకు ఎరుపు, గోధుమ వన్నెలు కలిసిన మైల కొంచెము కొంచెముగా పోవుచుండును. దానికి దుర్వాసన లేనిచో భయపడనక్కరలేదు. మేక ఒంటి వేడి సాధారణముగా ఫారన్‌హీటు 101.5 నుండి 103.5 డిగ్రీల వరకు ఉండును. 104 డిగ్రీలు దాటినచో జ్వరమని తెలియవలెను. 100 డిగ్రీలకు దిగినచో అది జ్వరముకంటె తక్కువ ప్రమాదము కాదు. ఊరి మహిళా సంఘము ఒక ఉష్ణమాపకమును కొని ఉంచుకొన్నచో పది ఇండ్లకు పనికివచ్చును.

మాయ పడనపుడు

ఈనిన 12 గంటలైనను మాయ పడనిచో వైద్యుని పిలువవలెను. వ్రేలాడుచున్న మాయను చేతితో లాగరాదు. దానికి రాయిగాని, పాత చెప్పుగాని కట్టు ఆచారము కొన్ని ఊళ్లలో ఇంకను కలదు. దాని వలన మాయ తెగి, ముక్క లోపలనే మిగిలి కుళ్లును. గర్భసంచి చిరుగవచ్చును, బయటికి జారవచ్చును. వైద్యుడు వచ్చువరకు వెనుక భాగమును శుభ్రమైన నీటితో కడిగి, ఈగలు ముసరకుండ చూచుటయే మన పని.

గర్భసంచిలో చీము చేరినచో మైల దుర్వాసన కొట్టును, జ్వరము వచ్చును, మేక మేత మానును, పాలు తగ్గును. ఇది నాటు కషాయములతో కాలము గడుపదగిన జబ్బు కాదు. ఒకటి రెండు దినములలో విషము నెత్తురునకు ఎక్కవచ్చును. సకాలమున మందు పడినచో మాత్రము చాల మేకలు కోలుకొనును.

పొదుగు వాపు

పొదుగు ఒక ప్రక్క ఎర్రబడి, గట్టిపడి, ముట్టిన వేడిగానుండి, పిల్ల కుడువబోగా తల్లి కాలు విదిలించుచున్నచో పొదుగు వాపుగా అనుమానింపవలెను. ఒకటి రెండు ధారలు నల్లని గుడ్డపై పిండి చూచినచో పాలలోని విరుగుడు తునకలు కనిపించును. ఆ ప్రక్క పాలను వేరొక పాత్రలోనికి తరచుగా పిండి దూరముగా గోతిలో పోయవలెను. కొట్టమందు నేలపై పిండరాదు. పిల్లలకు ఆ చన్ను ఇవ్వరాదు. పొదుగు నీలివన్నెకు తిరిగి చల్లబడినచో గంటయైనను ఆలస్యము చేయరాదు. అది కండ చచ్చుచున్నదనుటకు గుర్తు.

పాలజ్వరము

దీనికి పేరు పాలజ్వరమే గాని ఇందు జ్వరముండదు. పిల్లల ఎముకలకును, పాలకును సున్నపు ధాతువు ఒక్కసారిగా ఖర్చగుటచే తల్లి నెత్తుటిలో అది తగ్గిపోవును. చెవులు చల్లబడును; కాళ్లు వణకును; మేక కూలబడి మెడ ప్రక్కకు త్రిప్పి పండుకొనును. ఈనుటకు ముందును ఇది రావచ్చును. వైద్యుడు కాల్షియము మందును నరములోనికి మెల్లగా ఎక్కించును. త్వరగా ఎక్కించినచో గుండె ఆగవచ్చును గనుక ఇది ఇంటివారు చేయదగిన పని కాదు.

కవల పిల్లలను మోసిన మేక చూడి చివరి దినములలో చాలినంత మేత లేక ఒంటి కొవ్వును కరిగించుకొని మందగించుటయు కలదు. దాని ఊపిరికి ఒక తీపి వాసన ఉండును. దీనికిని వైద్యుని సాయము వెంటనే కావలెను.

ఇంటిలో చేయదగిన సేవ

వైద్యుడు వచ్చులోపల ప్రాణము నిలుపునది ఇంటివారి సేవయే. మేకను గాలి దూరని, తడిలేని చోట మందముగా గడ్డి పరచి ఉంచవలెను. చలిగానున్నచో గోనెపట్ట కప్పవలెను. లేవలేని మేకను ప్రక్కకు పడియుండనీయరాదు. రొమ్ముపై కూర్చుండునట్లు చేసి ఇరువైపుల గడ్డి నింపిన సంచులు ఆనించవలెను. లేనిచో కడుపు ఉబ్బి ఊపిరాడదు. కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చుచుండవలెను.

గోరువెచ్చని నీటిలో కొంచెము బెల్లము, చిటికెడు ఉప్పు కలిపి ముందుంచవలెను. తానై త్రాగిన మంచిది. పట్టవలసివచ్చినచో తల పైకెత్తి గొట్టముతో పోయరాదు. మూతిని కంటి ఎత్తునకు మించనీయక, దవడ ప్రక్కనుండి కొంచెము కొంచెముగా, మ్రింగుచున్నదో లేదో చూచుచు పోయవలెను. మ్రింగలేని మేకకు ఏమియు పోయరాదు. పోసినది ఊపిరితిత్తులకు పోయి చంపును.

మేత విషయమై ఒక హెచ్చరిక. ఈనినది గదా, బలము రావలెనని చాటెడు జొన్నలో, అన్నమో ఒక్కసారిగా పెట్టుదురు. కడుపులో అది పులిసి మేక పారుకొని పడిపోవును. ఇది ప్రేమతో చేయు హాని. ఎండుగడ్డి, అవిశ ఆకు, తుమ్మ కొమ్మలు మొదట పెట్టి, దాణాను గుప్పెడుతో ఆరంభించి, పది పదునైదు దినములలో మెల్లగా పెంచవలెను.

పిల్లల సంగతి

తల్లి జబ్బుగానున్నదని పిల్లలను పస్తుంచరాదు. పుట్టిన గంట రెండు గంటలలో జున్నుపాలు కడుపున పడవలెను. రెండు కిలోల పిల్లకు మొదటి దినమున సుమారు 200 మిల్లీలీటర్ల జున్నుపాలు పలుమారులుగా ఇవ్వవలెను. తల్లికి లేనిచో అప్పుడే ఈనిన వేరొక మేకవి, అదియు దొరకనిచో ఆవు జున్నుపాలు పట్టవచ్చును. పిల్లను నిలువబెట్టియే సీసాతో పట్టవలెను. బొడ్డునకు టింక్చరు అయొడిన్ అద్దవలెను. పాలు వేరుగా పట్టుచున్నను, తల్లి నాకుటకు పిల్లను దాని ముందుంచుచుండవలెను. నాలుగు దినములు ఎడబాపినచో కోలుకొన్న తల్లి తన పిల్లనే పొడిచి తరుమవచ్చును.

మన జాగ్రత్త

మాయ, మైలలనుండి మనుష్యులకును జబ్బులు అంటును. చేతులకు తొడుగులు లేక వానిని ముట్టరాదు. గర్భిణీ స్త్రీలు ఈ పనికి దూరముగానుండవలెను. పడిన మాయను కుక్కలకు వేయక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. పాలు కాచియే త్రాగవలెను. మందులు పడిన మేక పాలను వైద్యుడు చెప్పినన్ని దినములు ఇంటిలో వాడరాదు, అమ్మరాదు.

మేక కూలబడగానే బేరగాడు వచ్చును. పోవునదెట్లును పోవును, వచ్చినంత తీసికొమ్మనును. ఆ మాట విని నాలుగోవంతు ధరకు అమ్మి, పిల్లలను కూడ పోగొట్టుకొన్న ఇండ్లు ఎన్నియో కలవు. జబ్బు పశువు మాంసము తినువారికిని మేలు కాదు. ఆ బేరమునకు ముందు పశువైద్యశాలకు వెళ్లుడు. లేదా 1962 అను ఉచిత సంఖ్యకు ఫోను చేయుడు. మేక ఎప్పుడు ఈనినది, ఎన్ని పిల్లలు, మాయ ఎన్ని గంటలకు పడినది, వేడి ఎంత, ఏమి తిన్నది, ఏ మందు పోసితిరి అను ఆరు సంగతులు కాగితముపై వ్రాసి ఉంచుడు. వైద్యునికి సగము పని తీరును.

చదువు రానివారు ఇంటిలోని బడిపిల్లచే వ్రాయింపవచ్చును. మేక చూడితోనున్నపుడే ఈ ఆరు ప్రశ్నలను కొట్టపు గోడపై బొగ్గుతో వ్రాయించి ఉంచుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.